గాజు చెక్కుడు పని: మీరడిగారు, చెబుతున్నాం

పూజగది తలుపుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే, "ఏ డిజైన్ బాగుంటుంది?" అని. డిజైన్ సంగతి తర్వాత. అద్దం మీద పని చేయించుకునేవాళ్లయినా, సొంతంగా చేద్దామనుకునేవాళ్లయినా ముందు తేల్చుకోవాల్సింది లోతు. పైపైన తెల్లబడితే సరిపోతుందా, లోపలికి చెక్కాలా? అద్దం మందం, ఖర్చు, పద్ధతి, ప్రమాదం అన్నీ దాన్నిబట్టే ఉంటాయి. వచ్చినవాటిలో కొన్ని ఏరి జవాబులు రాస్తున్నాం.

ప్ర: పూజగది తలుపు మీద శంఖు చక్ర నామాలు, కింద తామరపువ్వు వేయిద్దామని వెళ్తే షాపతను అదే బొమ్మకి రెండు రేట్లు చెప్పాడు. ఎచింగ్ అయితే ఒక రేటు, డీప్ కార్వింగ్ అయితే దానికి మూడింతలట. కేటలాగ్‌లో రెండూ ఒకలాగే ఉన్నాయి. మోసం చేస్తున్నాడా? – ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జ: మోసం కాకపోవచ్చమ్మా. కేటలాగ్ ఫొటోలు ఎదురుగా లైటు పెట్టి తీస్తారు, వాటిలో లోతు తెలియదు. శాంపిల్ ముక్క అడిగి తీసుకుని వెనకవైపు వేలితో తడిమి చూడండి. ఉత్త గరుకు తగిలితే అది ఎచింగ్, దాన్నే ఫ్రాస్టింగ్ అని కూడా అంటారు. వేలు గుంటలోకి దిగితే కార్వింగ్.

మన దగ్గర ఈ రెండూ ఇప్పుడు ఎక్కువగా శాండ్ బ్లాస్టింగ్‌తోనే చేస్తున్నారు, అంటే కంప్రెసర్ గాలితో గట్టి పొడిని అద్దం మీదికి వేగంగా కొట్టడం. 1870లో అమెరికాలో బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ముందు అద్దమంతా రబ్బరు లాంటి మెత్తటి స్టిక్కర్ అతికించి, బొమ్మ రావాల్సిన చోట మాత్రం కోసి తీసేస్తారు. పొడి రవ్వ వచ్చి తగిలితే అద్దం పెళుసు కాబట్టి సన్నటి పెచ్చు ఎగిరిపోతుంది, స్టిక్కర్ మెత్తన కాబట్టి రవ్వే వెనక్కి ఎగిరిపోతుంది. గట్టిది అరిగిపోయి మెత్తది మిగలడం తమాషాగానే ఉంటుంది గానీ పనంతా నడిచేది దాని మీదే.

ఫ్రాస్టింగ్‌కయితే బొమ్మ మేరకు స్టిక్కర్ అంతా ఒకేసారి ఒలిచి, సమంగా ఒక వరస కొట్టేస్తే అయిపోతుంది. కార్వింగ్ అలా కాదు. మీ తామరపువ్వే తీసుకోండి. అన్నిటికన్నా ముందుకు కనిపించాల్సిన రేక ఏదో చూసుకుని మొదట ఆ ఒక్క ముక్కే ఒలుస్తారు, దాన్ని అన్నిటికన్నా లోతుగా కొడతారు. తర్వాత దాని పక్క రేక ఒలిచి, మొదటిదానికన్నా తక్కువ లోతున కొడతారు. అలా ఒక్కో రేకా వెనక్కి వెళ్తూ ఆఖరికి ఆకులు, నీటి గీతలు పైపైన తేల్చేస్తారు. ఈ వరస తప్పిందంటే రేకకీ రేకకీ మధ్య అంచు నిలవదు, పువ్వంతా కలిసి ఒకే గుంట అయిపోతుంది. ఇంకో సంగతి, ఇదంతా చేసేది అద్దం వెనకవైపు. ఎదురుగా నిలబడి చూస్తే ఎక్కువ లోతు పోయిన రేక మనవైపు ఉబ్బి వచ్చినట్టు కనబడుతుంది. మీరు ఇచ్చే ఎక్కువ డబ్బు ఆ ఒలుపులకీ, పొడి కొట్టే గన్ను పట్టుకున్న మనిషి చేతివాటానికీ. ఒకే లోతున గుంట తవ్వేసి డీప్ కార్వింగ్ అని బిల్లు వేసేవాళ్లూ ఉన్నారు, అందుకే శాంపిల్ తడమమన్నది.

బేరం ఆడేముందు రెండు విషయాలు అడగండి. ఒకటి మందం. కార్వింగ్‌కి 12 ఎంఎం అద్దం తీసుకోండి, లోతు అందులో మూడో వంతు దాటనివ్వకండి. రెండోది ఇంకా ముఖ్యం, టఫెనింగ్ ఎప్పుడు చేయిస్తారు అని. టఫెన్డ్ అద్దమంటే మామూలు అద్దాన్నే 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి గాలితో గబగబా చల్లార్చినది. దాంతో పై పొరలు బిగదీసుకుని ఉంటాయి, లోపలి భాగం లాగినట్టు ఉంటుంది, ఆ రెండింటి పోటీ వల్లే దానికి బలం. బిగుసుకున్న పొర ఒక్కోవైపు మందంలో ఇంచుమించు ఐదో వంతు ఉంటుంది. టఫెన్ అయిపోయాక దాన్ని దాటి చెక్కితే తలుపంతా ఒక్కసారిగా రవ్వలై కూర్చుంటుంది. అందుకని చెక్కుడు, హ్యాండిల్ బెజ్జాలు, బందుల కోతలు అన్నీ ముందే అయిపోవాలి, ఆ తర్వాతే కొలిమికి పంపాలి. బాగా లోతుగా చెక్కిన అద్దాన్ని కొందరు టఫెనింగ్ వాళ్లు తీసుకోరు, పగిలితే ఎవరిది బాధ్యత అని. ఆ మాట అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోండి. ఇప్పటికే టఫెన్డ్ తలుపు బిగించేసి ఉంటే మాత్రం తేలికపాటి ఫ్రాస్టింగ్‌తో సరిపెట్టుకోండి.

ప్ర: మా బాత్‌రూం ఫ్రాస్టెడ్ అద్దం తడిస్తే అవతల మనిషి కనిపిస్తున్నాడు. నాసిరకం అంటగట్టారా? – పాఠకుడు, హనుమకొండ

జ: రకం మంచిదే అయ్యుంటుంది, తిరగేసి బిగించారు. ఎచింగ్ చేసిన ముఖం మీద కంటికి ఆనని గుంటలుంటాయి, వెలుతురు వాటి మీద పడి అటూ ఇటూ చెదిరిపోబట్టే అద్దం తెల్లగా కనిపిస్తుంది. ఆ గుంటల్లో నీళ్లు నిండితే చెదరడం తగ్గిపోతుంది, ఎందుకంటే వెలుగును వంచడంలో గాలి కన్నా నీరు గాజుకి చాలా దగ్గర. నూనె పడిన కాగితం అవతలికి కనిపించడంలో ఉన్నదీ ఈ కథే. గరుకు ముఖం నీళ్లు పడని వైపుకి వచ్చేలా తిప్పి బిగించమనండి. ఈ లెక్కలో నూనె నీళ్ల కన్నా గాజుకి ఇంకా దగ్గర, పైగా ఆరిపోదు, అందుకే ఫ్రాస్టెడ్ తలుపుల మీద చేతి మరకలు అంత మొండిగా ఉంటాయి. పూజగది తలుపులకి ఈ బాధ ఎక్కువ, దీపం పొగ, నూనె చేతులు రెండూ ఉంటాయి కదా. పని అయిపోగానే మరకలు పట్టకుండా సీలర్ పూయించండి. బొట్లు పెట్టే అలవాటుంటే నున్నటి భాగం మీదే పెట్టండి, గరుకులోకి దూరిన కుంకుమ ఎంత తోమినా ఓ పట్టాన వదలదు.

ప్ర: డిగ్రీ చదువుతున్నాను. వీడియోల్లో యాసిడ్‌తో గాజు మీద బొమ్మలు వేస్తున్నారు. నేను ఇంట్లో బాత్‌రూం యాసిడ్ పోసి చూశాను, ఏమీ కాలేదు. ఏ యాసిడ్ కొనాలి, ఎక్కడ దొరుకుతుంది? – కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జ: ఎక్కడ దొరుకుతుందో చెప్పను తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నువ్వు పోసింది హైడ్రోక్లోరిక్ యాసిడ్. లేబొరేటరీలో దాన్ని గాజు సీసాలోనే పెడతారు, ఇక అది గాజునేం చేస్తుంది? గాజును తినేది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. గాజులో ముఖ్యమైన సరుకు సిలికా, దాన్ని ఇది కరిగించేస్తుంది, అందుకే దీన్ని ప్లాస్టిక్ సీసాల్లో దాస్తారు. 1670 ప్రాంతంలోనే జర్మనీలోని నురెంబర్గ్‌లో ష్వాన్‌హార్ట్ అనే చెక్కుడు పనివాడు ఇలాంటి ఘాటు ద్రావణంతో గాజు మీద బొమ్మలు వేశాడని చెబుతారు. 1771లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త ఈ యాసిడ్‌ని పరీక్షించి చూశాడు. తర్వాత యూరప్ ఫ్యాక్టరీల్లో దీంతో బ్రహ్మాండమైన పనులు జరిగాయి. అయితే అది ఫ్యాక్టరీ పని.

ఎందుకంత భయపెడుతున్నానో విను. మిగతా యాసిడ్‌లు పడితే వెంటనే భగ్గుమంటుంది, చేయి లాక్కుని కడిగేసుకుంటాం. ఇది కాస్త పల్చగా ఉన్నప్పుడు చర్మం మీద పడితే చాలాసార్లు మొదట ఏమీ తెలియదు. మెల్లగా లోపలికి ఇంకిపోతుంది, గంటల తర్వాత ఎముకల్లోంచి నొప్పి మొదలవుతుంది. ఒంట్లో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, ఆ కాల్షియం తగ్గితే గుండె కొట్టుకునే తీరు దెబ్బతిని మనిషి చనిపోవచ్చు కూడా. దీంతో పనిచేసే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉంచుతారు. ఎవరికైనా ఎక్కడైనా పడిందని తెలిస్తే ధారగా నీళ్లు పోస్తూ, నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి, ఏ యాసిడ్ పడిందో డాక్టరుకి పేరుతో సహా చెప్పాలి.

నీకు కావాల్సింది తెల్లటి బొమ్మే అయితే ఎచింగ్ క్రీమ్ చాలు. క్రాఫ్ట్ సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది, ఎక్కువ రకాల్లో అమ్మోనియం బైఫ్లోరైడ్ లాంటిది ఉంటుంది. ఇదీ ఫ్లోరైడ్ జాతే కాబట్టి గ్లవుజులు, కళ్లద్దాలు, తెరిచిన కిటికీ తప్పనిసరి. గ్లాసు సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆపైన వేలు తగలనివ్వకు, వేలిముద్ర ఉన్నచోట క్రీమ్ సరిగా పట్టదు. స్టిక్కర్ అంచులు గోటితో గట్టిగా నొక్కి క్రీమ్ పల్చగా పూయకుండా దిట్టంగా పెట్టు, డబ్బా మీద రాసినంతసేపు ఉంచు, తర్వాత బాగా కడిగెయ్. కడిగేది పింగాణీ సింకులో మాత్రం వద్దు, దాని మెరుపు కూడా పోతుంది. ప్లాస్టిక్ బకెట్టు పెట్టుకో. పెద్ద వెడల్పు భాగాలు క్రీమ్‌తో మచ్చలు మచ్చలుగా వస్తాయి, సన్నటి గీతలు, ఆకులు బాగా వస్తాయి. లోతు మాత్రం ఎంతసేపు ఉంచినా రాదు.

ప్ర: గృహప్రవేశానికి వచ్చేవాళ్లకి ఇద్దామని గాజు గ్లాసుల మీద తెలుగులో పేర్లు వేస్తున్నాను. ఇంగ్లిష్ అక్షరాలు శుభ్రంగా వచ్చాయి, తెలుగు రాస్తే ముద్దగా వస్తోంది. – ఒక సోదరి, న్యూజెర్సీ

జ: మన అక్షరాల నిండా సున్నాలు, సుడులే కదండీ. స్టిక్కర్ కోసి బొమ్మ భాగం ఏరి తీసేటప్పుడు 'ఠ' మధ్యలో చుక్కో, 'ధ' లోపలి ముక్కో, గుడి చుట్టలోని చిన్న బిళ్లో కూడా దాంతోపాటే లేచి వచ్చేస్తుంది. అక్కడ ఎచింగ్ క్రీమ్ నిండి అక్షరం పూడుకుపోతుంది. ఏరిన తర్వాత పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి మొత్తాన్ని ఒకేసారి ఎత్తి గ్లాసు మీదికి దించండి, లోపలి ముక్కలు కదలవు. ఫాంటు కూడా మార్చండి, ఒకచోట లావు ఒకచోట సన్నం ఉండే పెళ్లిపత్రిక ఫాంట్లు దీనికి పనికిరావు, గీత అంతా ఒకే మందం ఉన్నది ఎంచుకోండి. ఒత్తుకీ పై అక్షరానికీ మధ్య ఖాళీ కాస్త పెంచండి, లేకపోతే ఆ సన్నటి స్టిక్కర్ కిందికి క్రీమ్ పాకుతుంది. అక్షరం మరీ చిన్నదయితే క్రీమ్ మానేసి డైమండ్ బిట్ (వజ్రపు రవ్వలు అద్దిన మొన) పెట్టిన రోటరీ టూల్‌తో, అంటే మొనను గిర్రున తిప్పే చిన్న మిషన్‌తో, చేత్తో చెక్కడమే నయం. పేరు ప్రింటు తీసి గ్లాసు లోపలివైపు అతికించి, బయటి నుంచి దాని మీద గీసుకుంటూ పోవచ్చు. వంపు దగ్గర బిట్ జారిపోతుంది కాబట్టి 'ర'ని ఒక్క ఊపులో తిప్పాలని చూడకండి, చిన్న చిన్న గీతలు కలుపుకుంటూ వెళ్లండి, ఒత్తకండి. మధ్యమధ్య తడి స్పాంజితో అద్దుతూ ఉంటే పొడి లేవదు, బిట్ కాలదు, అయితే కరెంటు టూల్‌కి మాత్రం తడి తగలనివ్వకూడదు. మూతి పెట్టి తాగే అంచు జోలికి వెళ్లొద్దు. ఓవెన్‌లో పెట్టే బోరోసిలికేట్ రకం గ్లాసులు క్రీమ్‌కి సరిగా లొంగవు, అవి కొని డబ్బు తగలేయకండి.

పలకల మీద వెనకవైపు చెక్కేటట్టయితే పేరు అద్దంలో చూసినట్టు తిరగేసి కోయాలి. 'శ్రీరామ' తిరగబడిన తలుపులు ఊళ్లో ఒకటో రెండో ఉండే ఉంటాయి, వెతికితే కనిపిస్తాయి.

ప్ర: మా తమ్ముడు శాండ్ బ్లాస్టింగ్ షెడ్డులో పనిచేస్తాడు. ఏటి ఇసుకే జల్లించి కొడతారు, ముఖానికి తువ్వాలు కట్టుకుంటాడు. ఈమధ్య పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. గాజు పొడి వల్లా? – ఒక అక్క, గుంటూరు

జ: అమ్మా, ఈ ఉత్తరం అన్నిటికన్నా ముందు చదివాం. గాజు పొడి కూడా మంచిది కాదు గానీ ఇక్కడ అసలు ప్రమాదం ఇసుకది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం గాజుకి తగిలి చితికి, కంటికి కనిపించనంత సన్నటి ధూళి అవుతుంది. అది ఊపిరితిత్తుల అడుగుకి చేరి అక్కడ మచ్చలు కట్టిస్తుంది, దాన్నే సిలికోసిస్ అంటారు. ఒకసారి కట్టిన మచ్చలు మందులతో పోవు. అందుకే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి, ఎక్స్‌రే తీయించండి, చేసే పనేమిటో, ఏ పొడితో ఎన్నాళ్లుగా చేస్తున్నాడో వివరంగా చెప్పండి. చెప్పకపోతే టీబీ అని పొరబడే అవకాశం ఉంది. సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ వచ్చే ముప్పు కూడా ఎక్కువే, కాబట్టి రెండు పరీక్షలూ అవసరమే. తువ్వాలు ఆ ధూళిని ఏ మాత్రం ఆపదు.

బ్రిటన్‌లో 1950 నాటికే పోతపోసిన లోహపు సామాన్లు శుభ్రం చేసే బ్లాస్టింగ్‌లో ఇసుక వాడకూడదన్నారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా సిలికోసిస్‌ని నోటిఫై చేయాల్సిన, అంటే అధికారులకు తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. శాండ్ బ్లాస్టింగ్ అని పేరే గానీ పద్ధతిగా చేసేవాళ్లు ఇసుక వాడరు, అల్యూమినియం ఆక్సైడో సిలికాన్ కార్బైడో వాడతారు. అవి ఇసుక కన్నా గట్టివి, త్వరగా చితకవు, పోగుచేసి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, పనీ శుభ్రంగా వస్తుంది. ఇసుక చవకనేది యజమాని లెక్క. మూసిన క్యాబినెట్, ధూళి లాగే ఫ్యాను, బయటి నుంచి గాలి అందించే హెల్మెట్ లేని షెడ్డుకి తమ్ముణ్ని మళ్లీ పంపకండి. తలుపులు చేయించుకునే పాఠకులకు కూడా ఒక మాట, ఏ పొడితో కొడుతున్నారో షాపులో అడగండి. పదిమంది అడిగితే వాళ్లే మారతారు.

ప్ర: మా అబ్బాయి కోవెంట్రీలో చదువుతున్నాడు. అక్కడి చర్చిలో గోడంత గాజు మీద దేవదూతల బొమ్మల ఫొటోలు పంపాడు. అదీ శాండ్ బ్లాస్టింగేనా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జ: కాదు మాస్టారూ, అది చేత్తో చెక్కింది. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబుల్లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ పాత కేథడ్రల్ (పెద్ద చర్చి) శిథిలమైంది. దాని పక్కనే ఆర్కిటెక్ట్ బేసిల్ స్పెన్స్ రూపొందించిన కొత్త కేథడ్రల్ 1962లో తెరిచారు. మీ అబ్బాయి ఫొటో తీసింది దాని పశ్చిమపు తెర. న్యూజిలాండ్‌లో పుట్టిన జాన్ హట్టన్ ఆ తెర మీద 66 బొమ్మలు చెక్కాడు, సాధువులు, దేవదూతలు కలిపి. పదేళ్లు పట్టింది.

ఆయన చేసిన మార్పు చిన్నదే గానీ చాలా తెలివైనది. అంతకుముందు గాజు చెక్కేవాళ్లు బల్ల మీద బిగించిన రాగి చక్రం దగ్గరికి గ్లాసుని పట్టుకెళ్లేవాళ్లు. 1609లో ప్రాగ్‌లో రుడాల్ఫ్ చక్రవర్తి దగ్గర గాజు చెక్కడానికి ప్రత్యేక హక్కు పొందిన కాస్పర్ లేమన్ కాలం నుంచీ యూరప్‌లో పేరున్న పద్ధతి అది. చేతిలో పట్టే గిన్నెకయితే బాగుంటుంది, మనిషి కన్నా పెద్ద అద్దాన్ని ఎత్తి చక్రానికి ఎలా ఆనిస్తాం? హట్టన్ అద్దాన్ని నిలబెట్టి, వంగే తీగ చివర సానరాయి చక్రం బిగించి చక్రాన్నే అద్దం దగ్గరికి తీసుకెళ్లాడు. అందుకే ఆ గీతల్లో చేతి ఊపు కనిపిస్తుంది. నున్నగా తీర్చిదిద్దలేదు, గబగబా సుద్దతో గీసినట్టుంటాయి, రెక్కలు దగ్గర నుంచి చూస్తే గీరుళ్లే. స్టిక్కర్‌తో కొట్టిన బొమ్మకి ఈ ప్రాణం రాదని నా అభిప్రాయం, మన పూజగది తలుపుల్లో ఎంత లోతు ఉన్నా దేవుళ్లు బిగుసుకుని నిలబడేది అందుకే. ఇంకో విశేషం, ఆ తెరలోంచి చూస్తే వెనక పాత చర్చి శిథిలాలు కనిపిస్తాయి, బొమ్మలూ శిథిలాలూ కలిసి ఒకే చూపులో పడతాయి. 2020 జనవరిలో లోపలికి చొరబడిన దొంగలు ఒక దేవదూత ఉన్న పలకను పగలగొట్టారు. ఈసారి మీరు వెళ్లినప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. వెలుతురు ఎటు నుంచి పడితే అటు బొమ్మలు తేలుతూ మాయమవుతూ ఉంటాయి.

ప్ర: సాలార్‌జంగ్ మ్యూజియంలో ఎర్ర గాజు పాత్రల మీద తెల్లటి చెక్కడాలు చూశాను. ఆ తెలుపు పెయింటా? – విద్యార్థిని, హైదరాబాద్

జ: పెయింట్ అక్కర్లేదమ్మా. బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) వైపు గాజులో పారదర్శకమైన పాత్ర మీద పల్చగా రంగు పొర ఉండేలా చేసి, ఆ పొరను కోసేసి లోపలి గాజు బయటపెట్టే పద్ధతి బాగా పేరున్నది. చెక్కినచోట గరుకు ఉంటే తెల్లగా, మెరుగు పెడితే అద్దంలా కనిపిస్తుంది. దీనికి తాతలాంటి పని రోమన్లది, బ్రిటిష్ మ్యూజియంలోని పోర్ట్‌లాండ్ వేజ్. ముదురు నీలం మీద తెల్ల పొర వేసి, తెలుపును మనుషుల రూపాలుగా చెక్కారు. 1845లో ఒక తాగుబోతు సందర్శకుడు దాన్ని ముక్కలు చేస్తే అతికించారు. జాన్ నార్త్‌వుడ్ అనే ఇంగ్లిష్ పనివాడు దానికి గాజులోనే నకలు చెక్కి 1876లో పూర్తి చేశాడు. మ్యూజియంలో ఈసారి పాత్రను పక్క నుంచి చూడు, కోత అంచులో ఎర్ర పొర ఎంత పల్చనో తెలుస్తుంది.

ప్ర: మాల్‌లో గాజు దిమ్మ లోపల మన ఫొటో వేసి ఇస్తున్నారు. లోపలికి ఎలా చెక్కుతారు? – పాఠకుడు, విశాఖపట్నం

జ: లేజర్ కిరణాన్ని దిమ్మ లోపల ఒక్క బిందువు దగ్గర కూడేలా చేస్తారు. దారిలో ఉన్న గాజుకి ఏమీ కాదు, కిరణం కూడిన చోట మాత్రం సూదిమొనంత పగులు వస్తుంది. అలాంటి చుక్కలు వేలకు వేలు పేరిస్తే ముఖం అవుతుంది. పేర్లు పైపైన వేసే షాపుల్లో ఉండే లేజర్ వేరే రకం, అది గాజు పై ముఖాన్నే పెచ్చులు లేపుతుంది. దిమ్మకి ఫొటో ఇచ్చేటప్పుడు వెనక గోడ, చెట్లు లేకుండా ముఖం మాత్రమే ఉన్నది ఇవ్వండి. అడుగున పెట్టే లైటు స్టాండు రంగులు మారేది కాకుండా తెల్లది తీసుకోండి, చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి.